డొల్ల అన్న చెట్టు, స్వరూప చూసిన బండి

పోయిన నెల మా బిడ్డ స్వరూప జగిత్యాలలో ఒక పాత కారు చూసి వచ్చింది. కారు అంటే నలుగురం కూర్చుని పెళ్లిళ్లకు పోయే బండి అనుకునేరు. ఇది జర్మనీ కంపెనీది, నేలకు ఆనుకున్నట్టు కిందికి ఉంటుంది, కాలు మోపితే చాలు వీపు పోయి సీటుకు అతుక్కుంటుంది. స్వరూప కువైట్‌లో తొమ్మిదేళ్లు నర్సుగా చేసింది. అక్కడి వెడల్పు రోడ్ల మీద ఇట్లాంటి బండ్లు నడపడం నేర్చుకుంది. తిరిగొచ్చి కోరుట్లలో మా ఇంటికి రెండు వాడల అవతల ఇల్లు కట్టుకుంది, రోజూ జగిత్యాల దవాఖానకు డ్యూటీకి పోయి వస్తుంది. తొమ్మిదేళ్లలో తన కోసం తాను కోరుకున్నది ఇదొక్కటేనని నాతో చెప్పింది. అల్లుడు ఇంకా కువైట్‌లోనే ఉన్నాడు. మామ చూసి మంచిదంటే మంచిదేనని ఫోనులో చెప్పి ఆయన చేతులు దులుపుకున్నాడు. స్వరూప కూడా అదే మాట మీద నిలబడింది. నేను బాగుందంటే కొంటుంది, బాగులేదంటే ఆ ఊసే మళ్లీ ఎత్తదు.

నన్నే ఎందుకు అడిగారంటే, నేను జగిత్యాలలో కార్ల షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ని. సొట్టలు తీయడం, రంగు వేయడం నా పని. రంగు కింద ఏముందో నా వేళ్లకు తెలుస్తుందని ఆ బజారులో అందరికీ తెలుసు. అందుకే స్వరూప చెప్పిన మర్నాడు పొద్దున్నే నా కొడుకు శంకర్ నా మంచం పక్కన వచ్చి కూర్చున్నాడు. స్వరూప కంటే చిన్నవాడు, కోరుట్లలోనే వెల్డింగ్ షాపు నడుపుతాడు. కాసేపు గోళ్లు చూసుకున్నాడు.

"బాపూ, అక్క నా మాట ఇనది. బావ మాట గూడ ఇనది. నువ్వు బండి బాగలేదను. గంతే. ఒక్క మాటతోని అయిపోతది."

"బాగుంటే?"

"బాగున్నా బాగలేదను. గంత స్పీడు పోయే బండి మనకెందుకు? పాణం కన్న ఎక్కువనా?"

వాడిది చెడ్డబుద్ధి కాదు. అక్క అంటే వాడికి ప్రాణం. కానీ ఆ మాట వినగానే మా బాపు నా కళ్ల ముందుకొచ్చాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన చెప్పిన ఒక అబద్ధం మాత్రం ఇప్పటికీ నా ఎడమ కాలిలో ఉంది. ఆ సంగతి శంకర్‌కు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదువుకుంటాడు.

మాది బోయినపల్లి దగ్గర ఒక ఊరు. మేము తాళ్లు, అంటే తాటిచెట్లు గీసేవాళ్లం. మా ఇంట్లో పొద్దు కల్లు వాసనతో మొదలయ్యేది. ఆ వాసన గోడల్లో ఉండేది, బాపు గొంగడిలో ఉండేది, మేము కప్పుకునే బొంతల్లో ఉండేది. బయటివాళ్లు వచ్చి ముక్కు మూసుకుంటే మాకు అర్థమయ్యేది కాదు. అవ్వ, అంటే మా అమ్మ, కల్లు పట్టే లొట్లను బూడిదతో తోమి, కంచె కట్టెలకు బోర్లించి, ఎండినంక వరిగడ్డి పొగ పట్టేది. బాపు ఒక చెక్క మీద తెల్లరాయి పొడి చల్లి కత్తి నూరేవాడు. సర్, సర్ అని ఒకే తీరుగా చప్పుడు వచ్చేది, దానికే మేము లేచేవాళ్లం. చెట్టు ఎక్కడానికి పోయే ముందు ఆయన ఎవరితోనూ మాట్లాడడు. మక్కగట్క, పచ్చిపులుసు పోసుకుని తినడం, మోకు నడుముకు చుట్టి రెండు చేతులతో గుంజి చూసుకోవడం, పోవడం. మోకు అంటే చెట్టును, మనిషిని కలిపి పట్టుకునే తాడు. దాన్ని రోజూ గుంజి చూస్తాడు. నిన్న బాగుంది కదా అంటే, నిన్న ఎక్కింది నిన్న, ఇయ్యాల ఎక్కేది ఇయ్యాల అనేవాడు.

బాపుకు చెట్టు చూడటంలో పేరుండేది. ఏటా మా వాళ్లు చెట్లు పంచుకునేటప్పుడు ఆయన వెంట అందరూ నడిచేవాళ్లు. ఎల్లంతకుంట నుంచి కూడా వచ్చి తీసుకపోయేవాళ్లు. ఒకడు గీసి వదిలిన చెట్టు ఇంకొకడు పట్టుకునే ముందు బాపు చూడాలి. ముందు మొదట్లో కూర్చుని చెదపొట్టు ఉందా, చీమల బారు ఎక్కడికి పోతుంది అని చూసేవాడు. కత్తి వెనకభాగంతో మూడు చోట్ల కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గట్టి చెట్టు తక్కువ మాట్లాడుతుంది, డొల్ల చెట్టు ఎక్కువ మాట్లాడుతుందని నాకు నేర్పించాడు. దూరం పోయి మొవ్వు చూసేవాడు, అంటే చెట్టు నెత్తిన లేత ఆకులు పుట్టే చోటు. చివరికి, అంతకు ముందు ఆ చెట్టు ఎక్కినవాణ్ని పిలిచి అంగీ విప్పమనేవాడు. గీతకార్మికుడి ఛాతీ మీద చెట్టు రాసుకుని కాయలు కాస్తాయి. ఆ కాయలు సమంగా ఉంటే మనిషి నిదానంగా ఎక్కాడు, చెట్టు నిటారుగా ఉంది. ఒకపక్కే చెక్కుకుపోయి ఉంటే చెట్టులో ఏదో తిరకాసు ఉంది, లేదా మనిషిలో ఉంది. చెట్టు గురించి ఎక్కినవాణ్ని ఒక్క మాట అడిగేవాడు కాదు. మాట మారుతుంది, ఛాతీ మారదు కదా.

నాకు ఇరవై దాటాయి. కుంట కట్ట మీద ఒక పోతుతాటిచెట్టు ఉండేది. ఊళ్లో అన్నిటికంటే ఎత్తు. దాని కోసం మనుషులు కల్లు అమ్మే మండువలో ముందే కూర్చునేవాళ్లు. దాన్ని గీసే ముసలాయన చేతగాక వదిలేశాడు. ఆ ఏడు అది నాకు కావాలని పట్టుబట్టాను. బాపు వచ్చాడు, నేనూ పక్కనే ఉన్నాను. కత్తితో కొట్టాడు. గట్టి చప్పుడు వచ్చింది. నేను నా చెవులతో విన్నాను. ఆయన చాలాసేపు చెవి ఆనించి ఉంచాడు. లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని, లోపల డొల్లగా ఉంది, ఎవ్వరూ ముట్టకండి అన్నాడు. పది మంది ముందర అన్నాడు. నా చెవిని నేను నమ్మలేదు, ఆయన మాటను నమ్మాను. నాకు ఇంకా చెవి కుదరలేదు అనుకున్నాను.

మరుసటి ఏడు నాకు వరుసకు మామయ్యే లచ్చయ్య, డొల్ల అయితే అయింది చూస్తానని ఆ చెట్టు ఎక్కాడు. పొద్దున ఒక లొట్టి, మాపు ఒక లొట్టి దించాడు. వానాకాలంలో ఎక్కాడు, గాలి వచ్చినప్పుడు ఎక్కాడు, చెట్టుకు ఏమీ కాలేదు. మండువలో కూర్చున్నప్పుడల్లా నన్ను చూసి, "అల్లుడా, డొల్ల చెట్టు కల్లు, జర రుచి చూడు" అని పోసేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేను ఇంటికొచ్చి బాపును అడిగాను. ఆయన గట్క తింటున్నాడు. తల ఎత్తలేదు. అవ్వే పొయ్యి దగ్గర నుంచి, "నీ మీది పాణంతోని అన్నడు తియ్యిరా. గా చెట్టు ఎత్తు సూస్తే నాకే గుండె దడ" అంది. అంతే, ఇంట్లో ఆ ముచ్చట అక్కడ ఆగిపోయింది. నాలో ఆగలేదు. ఆయన చెట్టు కొట్టే చప్పుడు విన్నప్పుడల్లా, ఇది నిజమా, నా మీది ప్రాణమా అని అనుమానం వచ్చేది.

ఇంకో రెండేళ్లకు వాగు ఒడ్డున ఒక చెట్టు నా వంతుకు వచ్చింది. బాపు చూశాడు. మొవ్వు కుళ్లింది, పైకి పోయి మట్ట పట్టుకుంటే ఊడివస్తుంది, ఎక్కొద్దు అన్నాడు. మట్ట అంటే తాటాకు కాడ. చెట్టు నెత్తికి చేరినంక అదే మాకు ఆధారం. నేను నవ్వాను. ఆయన మొఖం మీదనే నవ్వాను. ఎక్కాను. పైన మట్ట పట్టుకుని బరువు మార్చగానే అది పాలకూర కాడలాగా చేతిలోకి వచ్చింది. మోకు జారింది, నేను చెట్టును గీరుకుంటూ సగం దాకా వచ్చి, అక్కడి నుంచి నేల మీద పడ్డాను. తుంటి ఎముక విరిగింది. ఎడ్లబండి మీద, తర్వాత బస్సులో అడ్డంగా పడుకోబెట్టి సిరిసిల్ల దవాఖానకు తీసుకపోయారు. బతికాను. ఎడమ కాలు రెండు వేళ్ల మందం పొట్టిదైంది.

బాపు నన్ను ఒక్క మాట అనలేదు. చెప్తే వినలేదని ఎవరితోనూ అనలేదు. కానీ ఆ తర్వాత ఆయన ఎవరి చెట్టూ చూడలేదు. ఎల్లంతకుంట వాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుంటే చాయ పోయించి, "నా మాట ఇగ పనిచెయ్యదు, ఏరేటోన్ని సూసుకోండ్రి" అని పంపించేశాడు. నన్ను పడేసింది వాగు ఒడ్డు చెట్టు అని ఊరు అనుకుంది. మా ఇద్దరికీ తెలుసు, నేను పడింది కుంట కట్ట మీది చెట్టు నుంచి. ఆయన బతికి ఉండగా నేను ఈ మాట అనలేదు. ఆయనా అనలేదు.

చెట్టెక్కే కాలు పోయింది కాబట్టి జగిత్యాలలో షెడ్డుకు చేరాను. అక్కడ నాకు బాపు నేర్పిన చెవే అన్నం పెట్టింది. రేకు మీద వేలి కణుపుతో కొడితే, ఒట్టి రేకు ఒక తీరు పలుకుతుంది, లోపల లప్పం మెత్తి రంగు వేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. అది ఎవరూ నేర్పకుండానే నాకు వచ్చేసింది. కానీ షెడ్డులో పని అంటే అదొక్కటే కాదు. గుద్దుకున్న బండ్లు తెచ్చి ముందర పడేసేవాళ్లు. వాటి సీట్లు కడిగింది నేనే. సీట్ల సందుల్లో చిన్నపిల్లల చెప్పులు తీసింది నేనే. వేగంగా పోయే బండ్లే ఎక్కువ వచ్చేవి. కాబట్టి శంకర్‌కు ఉన్న భయం కంటే నా భయం పెద్దది, దానికి నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినంక. నేర్పింది స్వరూపే. అప్పుడు అది నాలుగో తరగతి. షెడ్డు నుంచి వచ్చి చేతులు కిరసనాయిలుతో కడుక్కుని దాని పక్కన కూర్చునేవాణ్ని. నేను రాసింది తప్పైతే "తప్పు బాపూ, మళ్ల రాయి" అనేది. అలసిపోయి వచ్చాడు, పెద్దవాడు, పోనీ అని ఒక్కసారి కూడా వదల్లేదు. నేను "క్ష" పదకొండు రోజులు తప్పే రాశాను. పన్నెండో రోజు "ఇప్పుడు కరెక్ట్" అంది. ఆ మాట నాకు చాలా బలమిచ్చింది, ఎందుకంటే అది ఉత్తుత్తి మాట కాదని నాకు తెలుసు. అట్లాంటి పిల్లకు నేను పోయి ఉత్తుత్తి మాట చెప్పాలా?

బండి చూడటానికి ముగ్గురం పోయాము. నేను, స్వరూప, శంకర్. అమ్మేది ఒక రైస్‌మిల్లు సేటు. మంచి లావుపాటి మనిషి, నడుముకు బెల్టు కట్టుకున్నాడు. ఆయన కథ ఆయనే చెప్పాడు. బండిలో కూర్చోవడం వస్తుందట, దిగడమే రాదట. "దిగాలంటే ఇద్దరు హమాలీలు గుంజాలె పెద్దమనిషీ. మా ఇంటామె మొన్న గేటు కాడ నవ్వుకుంట ఫోటో దీసింది. ఇగ అమ్ముడే నయమనుకున్న" అన్నాడు. నేను ఆయన మాట కంటే ఆయన చేతిని ఎక్కువ చూశాను. మేము పోయినప్పుడు దారికి అడ్డంగా ఉన్న వేరే బండిని ఆయనే పక్కకు పెట్టాడు. గేరు వేయడం చూశాను. నిండు గ్లాసు కింద పెట్టినంత నెమ్మదిగా వేశాడు. అది నాకు ఆయన ఛాతీ చూసినట్టే.

మేము వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని ముందే ఫోనులో చెప్పించాను. బానెట్ మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. ముందే వేడి చేసి పెడితే చల్లటి ఇంజను చేసే తప్పుడు చప్పుళ్లు దాచిపెట్టొచ్చు. స్వరూప స్టార్ట్ చేసింది. వెనక గొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టాను, నల్లటి నూనె మరక రాలేదు. నాలుగు టైర్లు ఒకే కంపెనీవి, సమంగా అరిగాయి. ఇట్లాంటి బండికి చవక టైర్లు వేసినవాడు లోపల ఇంకేం చవక చేశాడో చెప్పలేము. బ్రేకు పళ్లెం అంచు మీద గోరు పెట్టి గీశాను, పెద్దగా గాడి పడలేదు. డిక్కీలో స్టెప్నీ తీసి కింద గుంట చూశాను. కంపెనీ అతుకే ఉంది, మన వెల్డింగ్ లేదు. సీటు బెల్టులు చివరిదాకా లాగి చీటీలు చదివాను, అద్దాల మూలన అచ్చువేసిన అంకెలు చదివాను. అన్నీ ఒకే ఏడువి. ఒకప్పుడు ఇవి చదవడానికి ఎవరినో బతిమిలాడేవాణ్ని, వాళ్లు ఏం చెప్తే అది. కార్పెట్ ఎత్తి వాసన చూశాను, నీళ్లలో మునిగిన వాసన లేదు. కంప్యూటర్ పెట్టి చూసే మెకానిక్‌ను పిలిపిస్తే, అతనూ చూసి, ఎక్కువ వేగం కోసం ఎవరూ ఇంజను లెక్కలు మార్చలేదని చెప్పాడు.

ఎడమ ముందు చక్రం మీది రేకు దగ్గర నా వేలు ఆగింది. రంగు కొత్తది. కణుపుతో కొట్టాను. కొంచెం మొద్దుగా పలికింది. శంకర్ నా వేలు ఆగడం చూశాడు. వాడూ రేకు పని చేసేవాడే, వాడికీ అర్థమైంది. నా మొఖం చూశాడు. ఇక్కడ నేను ఒక్క మాట అంటే చాలు, గుద్దుకున్న బండి అని. అబద్ధం అని కూడా ఎవరూ పట్టుకోలేరు. సేటు తానే, మిల్లు గోడకు గీసుకపోతే రంగు వేయించానని అన్నాడు. అందరూ అదే అంటారు. నేను కింద కూర్చుని, కాలు సహకరించకపోతే పడుకుని, లోపలికి లైటు వేసి చూశాను. బోల్టుల మీద పానా పెట్టిన గుర్తు లేదు. లోపలి కమ్మీ సూదిలాగా నిటారుగా ఉంది. సేటు చెప్పింది నిజమే. నిజం చెప్పాలంటే, అబద్ధమైతే బాగుండు అని అక్కడ పడుకుని ఎంతగా కోరుకున్నానో నాకే తెలుసు. మా బాపు కుంట కట్ట చెట్టుకు అంతసేపు చెవి ఆనించి ఎందుకు ఉన్నాడో ఆ మట్టిలో పడుకుంటే నాకు తెలిసింది. ఆయన కూడా డొల్ల దొరుకుతుందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు. దొరకకపోయినా దొరికిందన్నాడు.

స్వరూప, మెకానిక్ బండి నడిపి చూశారు. నన్ను ఎక్కమంటే, లోపల కూర్చుంటే చప్పుడు తెలియదు, బయట నిలబడి వింటానన్నాను. అది సగమే నిజం. మిల్లు ముందు రోడ్డు మీద నుంచి రెండుసార్లు పోయింది. రెండోసారి పోయినప్పుడు చప్పుడు ముందు పోయి గాలి తర్వాత వచ్చింది. నా అంగీ అంచు లేచింది. బండిలో ఎక్కడా తేడా లేదు. నాలోనే ఉంది.

తిరిగొచ్చి దిగింది. తాళంచెవి చేతిలో పట్టుకుని నా ముందు నిలబడింది, నాలుగో తరగతిలో పలక పట్టుకుని నిలబడిన తీరుగా కాదు, మందు చీటీ రాయబోయే డాక్టరు ముందు నిలబడినట్టు.

"చెప్పు బాపూ."

"బండి మంచిగున్నది" అన్నాను. శంకర్ మొఖం అటు తిప్పుకున్నాడు. "గా రేకు మీద రంగు కొత్తది. గీత పడితె ఏసిండ్రు, గుద్దుకున్నది గాదు. తక్కింది అంత సాపు."

"మరి గట్లెందుకున్నవ్?"

"నాకు భయమైతది బిడ్డా. గది బండిల లోపం గాదు, నాది. రెండు కలిపి నీకు చెప్పను. బండి సంగతి బండి సంగతే, భయం సంగతి భయం సంగతే."

సేటు ఎటు చూడాలో తెలియక బెల్టు సర్దుకున్నాడు. శంకర్ నా దగ్గరికొచ్చి, ఇంత ముచ్చట ఎందుకు, ఒక్క మాట అంటే అయిపోయేది కదా అని చిన్నగా గొణిగాడు. ఒక్క మాట అంటే ఏమవుతుందో నాకు తెలుసని అన్నాను. వాడికి అప్పుడు అర్థం కాలేదు.

ఆ రోజుల్లో మా ఇళ్లలో మగవాడు భయమని అనేవాడు కాదు. తాళ్లు ఎక్కేవాళ్ల ఇంట్లో అసలే అనకూడదు, అంటే కాలు వణుకుతుందని నమ్మకం. కాబట్టి భయాన్ని చెట్టు మీద పెట్టి చెప్పేవాళ్లు. చెట్టు డొల్ల, మొవ్వు కుళ్లు, గాలి మంచిది కాదు. బాపు ఆ రోజు పది మంది ముందర, చెట్టు గట్టిదేరా, నాకే నువ్వు అంత ఎత్తున ఉంటే చూడటం చేతకాదు అని ఉంటే, నేను అలిగి ఎక్కేవాణ్నేమో. ఎక్కినా ఆ చెట్టు నన్ను పడేసేది కాదు. వాగు ఒడ్డున ఆయన వద్దన్నప్పుడు ఆగేవాణ్ని. ఇప్పుడు కాలం వేరే. ఇప్పుడు పిల్లలు అన్నీ ఫోనులో చూసుకుంటారు, బండి గురించి నాకు తెలియనివి స్వరూపకు వంద తెలుసు. దానికి నా నుంచి కావలసింది నా వేలు చెప్పిన నిజం ఒక్కటే. ఆ ఒక్కటి కూడా చెడగొడితే నా దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి?

"ఎంత భయం?" అని అడిగింది స్వరూప చివరికి.

"చానా."

"మరి కూసుంటవా?"

కూర్చుంటానన్నాను. కూర్చోవడం అంటే ముందు కిందికి దిగి, తర్వాత లోపలికి జరగడం. సేటు బాధ నాకు అప్పుడు అర్థమైంది. శంకర్‌ను సేటు దగ్గర ఉండమన్నాను. బెల్టు నేనే పెట్టుకున్నాను. భయమైనప్పుడు భయమైతుందని చెప్తాను, నువ్వు వినాలె అని స్వరూపతో ఒప్పందం చేసుకున్నాను. సరే అంది. కోరుట్ల రోడ్డు ఎక్కాము. కొంత దూరం పోయాక నా చెయ్యి తలుపును పట్టుకుంది. "ఇగో, ఇప్పుడు" అన్నాను. ఎందుకు, ఏమిటి అనకుండా వేగం తగ్గించింది. ఇంకొంత దూరం పోయాక మళ్లీ అన్నాను, మళ్లీ తగ్గించింది. మూడోసారి అన్నప్పుడు మాత్రం నా వైపు చూడకుండానే, "బాపూ, అరువై మీదున్నం. సూడు, ప్యాసింజర్ ఆటో గూడ మనల్ని దాటిపోయింది" అంది.

మీటరు చూశాను. అరవైకి గీత అంత కూడా ఎక్కువ లేదు. ముందర ఆటో వెనక కూర్చున్న ముసలామె కాళ్లు వేలాడేసుకుని మా జర్మనీ బండిని తీరిగ్గా చూస్తోంది.

"సరే, పోనియ్యి" అన్నాను.